ఉత్తగ వస్తున్నయని పట్నం రేకులు తెచ్చుకుంటున్నరా?

వానలు పడకముందే కొట్టాలు సర్దుకునే రోజులివి. కోతులు దుంకి రేకు పలగ్గొట్టని ఇల్లు మన దిక్కు ఒక్కటి లేదు. అందుకే ఇప్పుడే రాస్తున్న. పోస్టు పొడుగైతది, ఓపిక చేసుకొని చదువుండ్రి. తిట్టాలనిపిస్తె తిట్టుండ్రి, కాని మొత్తం చదివినంక తిట్టుండ్రి.

పోయిన నెల మా బామ్మర్ది ఫోన్ చేసిండు. ఆయనది తార్నాకల పాత ఇల్లు, వాళ్ల మామ 1970లల్ల కట్టించింది. రెండు గదులు కొత్తగ చేసి యూనివర్సిటీ పిల్లలకు కిరాయికిద్దామని పని పెట్టిండు. "బావా, వెనక షెడ్డు మీది సిమెంటు రేకులు దించుతున్న, 14 ఉన్నయి. గట్టిగనే ఉన్నయి, నీ కొట్టానికి పనికొస్తయి. డీసీఎం తీస్కొని రా. ముందు గది నేల కూడ పీకిస్తున్న, ఆ తుక్కు నీ బాటల పోసుకో" అన్నడు. కొత్త రేకు ధర ఎంతున్నదో మీకు తెల్సు. నేను సంబురంగ డీసీఎం మాట్లాడుకొని పొద్దుగాలనే పోయిన.

పోయే వరకు ముందు గదిల పని నడుస్తున్నది. అడ్డా మీదికెళ్లి తెచ్చిన కూలీలు, పాలమూరు దిక్కు మొగడు పెండ్లాం. ఆ గదిల పాతకాలం ప్లాస్టిక్ పలకల నేల ఉండె. జానెడు జానెడు పలకలు, కింద తారు లెక్క నల్లటి జిగురు. ఒకప్పుడు అది పెద్ద షోకు. ఆయన సుత్తె ఉలి పెట్టి కొడ్తున్నడు, ఆమె చీపురుతోటి ఊడ్చి తట్టలకెత్తుతున్నది. కిటికీల నుంచి ఎండ పడ్తుంటె ఆ ఎలుగుల దుమ్ము మనం వడ్లు తూర్పార పట్టినట్టు లేస్తున్నది. ఆయన ముక్కుకు ఏం లేదు. ఆమె కొంగు అడ్డం పెట్టుకున్నది. వాళ్ల పిల్ల మూడేండ్లది ఉంటది కావచ్చు, గడప మీద కూసొని పలిగిన పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంట ఆడుకుంటున్నది.

నాకేమనిపియ్యలే. నిజం చెప్తున్న, ఏం అనిపియ్యలే. నేను నేరుగ వెనక్కి పోయి రేకులు లెక్క పెట్టుకుంటున్న.

మా బిడ్డ ఉస్మానియాల ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతది, అక్కడనే హాస్టల్ల ఉంటది. నేను వచ్చిన్నని క్యాంపస్ నుంచి నడుసుకుంట వచ్చింది. గడప కాడికి వచ్చి ఆగిపోయింది. ముందు ఆ పిల్లను ఎత్తుకొని బయటికి తెచ్చింది. తర్వాత "మామా, ఈ నేల టెస్టు చేయించినవా? ఇండ్ల ఆస్బెస్టాస్ ఉంటదేమో తెల్సుకున్నవా?" అని అడిగింది.

మా బామ్మర్ది ఏమన్నడో వినుండ్రి. "నాకు తెల్సు బిడ్డా. పెద్దోడు చెప్పిండు. అందుకే మీ అత్తను, చిన్నోన్ని నాలుగు రోజులు మా తమ్ముని ఇంటికి పంపిచ్చిన."

ఆయన పెద్దకొడుకు అమెరికాల ఉంటడు. పోయినేడు అక్కడ ఓ పాత ఇల్లు కొన్నడు. దాని కింది అంతస్తుల షీటు నేల ఉండెనట. పైకి ప్లాస్టిక్, అడుగున అట్ట లెక్క బూడిదరంగు పొర. చిన్న ముక్క ల్యాబుకు పంపిస్తె ఆ అడుగు పొరల ఆస్బెస్టాస్ ఉన్నదని తేలింది. లైసెన్సు ఉన్నోళ్లను పిలిపిచ్చిండు. వాళ్లు గది మొత్తం ప్లాస్టిక్ పరదాలు కట్టి, తలనుంచి కాళ్లదాక సూట్లు తొడుక్కొని, నీళ్లు కొట్టుకుంట పీకి, సంచుల్ల సీలేసి తీస్కపోయిన్రు. బిల్లు వేల డాలర్లయిందట. ఆ పిలగాడే వీడియో కాల్ల తండ్రికి చెప్పిండు, నాన్నా పాత నేలతోటి జాగ్రత్త అని.

తండ్రి జాగ్రత్త పడ్డడు. పెండ్లాన్ని, చిన్నకొడుకును పంపిచ్చిండు. మిగిలిన జాగ్రత్త అడ్డా మీది కూలి తీస్కోవాలె, తుక్కు బావ తీస్కపోవాలె. ఒకే ఇంటోళ్లయి రెండు నేలలు. ఒక నేల పీకెటందుకు సూట్లేసుకున్నోళ్లు, ఇంకో నేల పీకెటందుకు కొంగు అడ్డం పెట్టుకున్నామె. నాకు కోపం వచ్చింది దీనికే. మా బామ్మర్ది చెడ్డోడు కాదు, నా బిడ్డ ఫీజుకు సాయం చేసినోడు. చెడ్డోళ్లు చేస్తె ఈ పోస్టు రాసే పనే లేకుండె.

ఇగ అసలు సంగతి. ఆస్బెస్టాస్ అంటే రాయిల నుంచి తీసే నార. పుస్తకాలల్ల రాతినార అంటరు. మన ఇండ్ల మీది పాత సిమెంటు రేకుల్ల ఉండేది అదే, వందకు ఎనిమిది పది పాళ్లు నార, మిగిలింది సిమెంటు. అగ్గికి కాలదు, నీళ్లకు కుళ్లదు, చవుక. అందుకే లోకమంత వాడింది. మన హైదరాబాద్ సనత్‌నగర్‌ల 1940లల్లనే దీని ఫ్యాక్టరీ పడ్డది. సిమెంటు రేకును చార్మినార్ రేకు అనే అలవాటు మనకు అట్ల వచ్చిందే. కడప జిల్లా పులివెందుల దిక్కు భూమిల నుంచి ఈ నారను తవ్వి తీసిన్రు కూడ. నేలకు వేసే పీవీసీ ఆస్బెస్టాస్ పలకలకు మన దేశపు ప్రమాణాల్ల నంబరే ఉన్నది, ఐఎస్ 3461. అంటే మా బామ్మర్ది ఇంట్లది వింత సామాను ఏం కాదు.

నారగ ఉన్నప్పుడు దానితోటి బాధ లేదు. దుమ్మైతేనే బాధ. పత్తి నారను చీలిస్తె ఓ కాడ తెగిపోతది. ఇది తెగది, నిలువున చీలుకుంట పోతది, కండ్లకు అవుపడనంత సన్నం అయితది. పీలిస్తె ఊపిరితిత్తుల అడుగుకు పోయి కూసుంటది. కరగదు, కొంత దగ్గుతోటి కూడ బయటికి రాదు. ఇరవై, ముప్ఫై, నలభై ఏండ్లకు బయటపడ్తది. ఊపిరితిత్తులు గట్టిపడి దమ్ము ఆడదు, లేకపోతె క్యాన్సర్. ఊపిరితిత్తుల చుట్టున్న పొరకు వచ్చే మీసోథెలియోమా అనే క్యాన్సర్‌కు ముఖ్యకారణం ఇదే. అన్ని రకాల ఆస్బెస్టాస్ క్యాన్సర్ తెస్తదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఖరాఖండిగ చెప్పింది. పనికాడ దీన్ని పీల్చినందుకు లోకంల ఏడాదికి 2 లక్షల మందికి పైగ చస్తున్నరని వాళ్ల లెక్క.

"మా తాత కాలం నుంచి రేకుల కిందనే పండుకుంటున్నం, మాకేం కాలే" అని కింద కామెంటు పెట్టేటోళ్లు ఉంటరు, నాకు తెల్సు. మంచిది. పలగని రేకు కింద పండుకుంటె పెద్ద ముప్పు లేదు, నేను కూడ ఒప్పుకుంట. ఎవ్వలను భయపెట్టి రేపే రేకులు పీకించుమని నేను చెప్తలేను, పీకుడే అన్నిటికంటె ప్రమాదం. కాని "ఏం కాలే" అన్నది మీరెట్ల చెప్తరు? మన ఊర్లె దమ్ముతోటి పోయిన ముసలోళ్లు ఎంతమంది? దగ్గంటె టీబీ, ఆయాసమంటె బీడీ. "కాకా, నువ్వు జవానుగ ఉన్నప్పుడు రేకులు కోసినవా?" అని ఏ డాక్టరన్న అడిగిండా? అడగనిది లెక్కలకు ఎట్లెక్కుతది?

ఇంకో మాట అంటరు. అంత విషమైతె సర్కారు ఎందుకు అమ్మనిస్తది అని. నేను కూడ అదే అడుగుతున్న. మన దేశంల ఈ గనులకు 1986ల కొత్త లీజులు ఆపిన్రు, 1993ల పాతవాటి రెన్యువల్ కూడ ఆపిన్రు. తవ్వుడు వద్దట, కాని రష్యా నుంచి, కజకిస్తాన్ నుంచి, బ్రెజిల్ నుంచి ఓడల మీద తెప్పిచ్చుకొని రేకులు చేసుడు ముద్దట. ఆస్బెస్టాస్ చెత్తను విదేశాల నుంచి తెచ్చుకునుడు మన ప్రమాదకర వ్యర్థాల రూల్స్ ఒప్పుకోవు. మంచి నిషేధమే. మరి తార్నాక నుంచి మన ఊరికి డీసీఎంల వచ్చేదాన్ని ఏ రూలు ఆపుతది?

1995 జనవరిల సుప్రీంకోర్టు పెద్ద తీర్పిచ్చింది. కార్మికుని ఆరోగ్యం ప్రాథమిక హక్కని, ఆస్బెస్టాస్ ఫ్యాక్టరీలు ఒక్కొక్క కార్మికుని ఆరోగ్యం రికార్డు 40 ఏండ్లు దాచిపెట్టాలని, జబ్బు పడ్డోళ్లకు లక్ష రూపాయలు ఇయ్యాలని చెప్పింది. 40 ఏండ్లు ఎందుకన్నరో ఇప్పుడు సమజయిందా? జబ్బు అంత ఆలస్యంగ బయటపడ్తది గనుక. కాని ఆ రికార్డు ఫ్యాక్టరీ గేటు లోపటి మనిషికే. గేటు దాటినంక రేకును కోసేది ఎవలు? మన ఊరి మేస్త్రి. పట్టుకునేది ఎవలు? మన కొడుకు. ఊడ్చేది ఎవలు? మన ఆడోళ్లు. ఎండకాలం కడిగి, నాచు గీకి, పలిగిన ముక్కలు ఏరి దిబ్బల పోసేది మనమే. మన పేరు ఏ రిజిస్టర్ల ఉన్నది?

నా సంగతి చెప్పకపోతె దొంగనైత. పన్నెండేండ్ల కింద మా కొట్టం వేసినప్పుడు రేకులు పొడుగైనయని నేనే కటింగ్ మిషన్ పెట్టి కోసిన. ఆరు రేకులు. మా పిలగాడు అప్పుడు ఎనిమిదో తరగతి. రేకు ఊగకుండ ఆ కొసకు వాడు పట్టుకున్నడు. ఇద్దరం పిండిల పడ్డట్టు తెల్లగయితిమి, మా ఇంటామె చూసి నవ్వింది. ఆ బట్టలు ఆమెనే దులిపి ఉతికింది. ఫ్యాక్టరీ కార్మికుల బట్టలు ఉతికిన భార్యలకు కూడ ఈ జబ్బులొచ్చినయని నా బిడ్డ చెప్తుంటె నేను మాట్లాడలేకపోయిన. ఒక్కరోజు పీలిస్తె ముప్పు తక్కువేనని, ఏండ్ల తరబడి పీల్చినోళ్లకే ఎక్కువని అదే మళ్లీ ధైర్యం చెప్పింది. ఆరోజు సాయంత్రం ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూసొని మాట్లాడుకున్నం. 1939ల పూర్తయిన కట్టడమది, మొత్తం రాయి. దాని ముందు కూసుంటె నాకు మన షాబాద్ బండలు, తాండూరు బండలు యాదికొచ్చినయి. కాళ్ల కింద సల్లగుండే బండను కాదని పట్నపోళ్లు ప్లాస్టిక్ పలక అంటించుకున్రు, ఇప్పుడు దాన్ని పీకి మన బాటల పోస్తమంటున్రు.

ఇంకోటి కూడ చెప్పాలె. తార్నాక నుంచి హబ్సిగూడ దాక ఆ రోడ్డు మీద ఏమున్నయో తెల్సా? పోషకాహార సంస్థ, ఐఐసీటీ, ఎన్జీఆర్ఐ, సీసీఎంబీ. పక్కన యూనివర్సిటీ. దేశంల పెద్ద పెద్ద సైంటిస్టులు కూసునే జాగ. దాని సందుల మూడేండ్ల పిల్ల ఆ పలకలతోటి ఆడుకుంటున్నది, అడిగేటోడు లేడు. చదువు లేక జరుగుతున్నదని ఎవలన్న అంటె నేనొప్పుకోను.

బయట దేశాల సంగతి చూడుండ్రి. కెనడాల క్యూబెక్‌ల ఓ ఊరి పేరే ఆస్బెస్టాస్. తరాల తరబడి ఆ గని మీదనే బతికింది, తవ్విన నారను మన అసోంటి దేశాలకు అమ్మింది. అదే కెనడా తమ పార్లమెంటు భవనాలల్లకెళ్లి ఆ నారను ఏండ్ల తరబడి పీకి తీపిచ్చుకున్నది. గని మూతపడ్డది, 2018ల దేశమంత నిషేధం పెట్టిన్రు, 2020ల ఆ ఊరోళ్లు ఊరి పేరే మార్చుకున్నరు. ఐరోపా దేశాలల్ల 2005 నుంచి బంద్. అమెరికా కూడ 2024ల తెల్ల ఆస్బెస్టాస్‌ను నిషేధించింది. మన రేకుల్ల వాడేది ఆ తెల్లదే. తెల్లది పాపం అంత చెడ్డది కాదు, జాగ్రత్తగ వాడితె ఏం కాదని కంపెనీలోళ్లు ఇప్పటికీ చెప్తరు. జాగ్రత్త అంటే ఏందో నేను కండ్లార చూసిన. పైట కొంగు.

మరి ఏం చేయాలె? నా బిడ్డను అడిగి, ఇంకా ఇద్దరు తెలిసినోళ్లను అడిగి తెల్సుకున్నది చెప్తున్న. రేకు గాని నేల గాని పలగకుండ మంచిగున్నదా, ముట్టుకోకుండ్రి. నేలైతె దాని మీదనే కొత్త బండ పరిపిచ్చుకోవచ్చు, కింద నలుగకుండ ఉంటది. గ్రైండర్ పెట్టకుండ్రి, గీకకుండ్రి. పాత షీటు నేల అడుగున బూడిదరంగు పొర ఉంటె మాత్రం అస్సలు చింపకుండ్రి. పలకల నార ప్లాస్టిక్‌ల ఇరికి ఉంటది, ఆ పొరల వదులుగ ఉంటది, చినిగితె లేస్తది. చూసి గుర్తుపట్టలేం, ల్యాబుల మైక్రోస్కోపు కింద పెట్టి చూడాలె. మా బామ్మర్ది నేల కూడ టెస్టు చేయలే. టెస్టు చేయనిది ఏదైన సరే ఉన్నదనుకొనే పని చేయాలె. రేకు సంగతి అట్ల కాదు, ఆ కాలం సిమెంటు రేకు అంటే నార ఉన్నట్టే.

తప్పనిసరి దించాల్సి వస్తె మన దగ్గర స్ప్రే పంపులు ఉన్నయి కదా. మందు లేకుండ శుభ్రంగ కడిగి, నీళ్లల్ల జర సబ్బు కలిపి రేకును రెండు దిక్కుల తడుపుండ్రి. జె బోల్టులు సుత్తెతోటి కొట్టకుండ విప్పుండ్రి. పైనుంచి విసిరేయకుండ ఇద్దరు పట్టి మెల్లగ దించుండ్రి. మందమైన పాలిథిన్‌ల చుట్టుండ్రి. తువ్వాల, కండువా ఈ నారను ఆపవు, ఎన్95 మాస్క్ కూడ చాలదు, పీ100 లేకపోతె ఎఫ్ఎఫ్‌పీ3 మాస్క్ ఉండాలె. పొడి చీపురు పెట్టొద్దు, తడి గుడ్డతోటి తుడిచి ఆ గుడ్డను కూడ సంచిల వేసి కట్టుండ్రి. పిల్లలను దూరం పంపుండ్రి, కూలోళ్ల పిల్లలను కూడ. పలిగిన ముక్కలు బాటల పోయకుండ్రి. ట్రాక్టరు ఎక్కి ఎక్కి పిండి అయితది, ఎండకాలం అదే దుమ్ము మన ఇండ్లల్లకొస్తది. మడి గండికి అడ్డం పెట్టుడు, గుమ్మి మీద మూత పెట్టుడు కూడ బంద్ చేయుండ్రి.

చుట్టినంక ఎక్కడ వేయాలె అంటె నా దగ్గర జవాబు లేదు. హైదరాబాద్ పక్కన దుండిగల్ కాడ ప్రమాదకరమైన వ్యర్థాలు పాతిపెట్టే జాగ ఉన్నది, అది ఫ్యాక్టరీల కోసం. మన మండలంల రైతు ఇరవై రేకులు పట్టుకొని పోతె తీస్కునేటోడు లేడు. సర్పంచులను, ఎమ్మెల్యేలను అడగాల్సింది ఇదే. మండలానికి ఓ జాగ పెట్టుమనుండ్రి. ఉపాధి హామీల పశువుల కొట్టాలు కట్టిస్తున్నరు కదా, ఆ లెక్కల్ల నార లేని రేకుకు సరిపోయే పైసలు వేయుమనుండ్రి. నార లేని సిమెంటు రేకులు మార్కెట్ల దొరుకుతున్నయి, ధర ఎక్కువ. బడి వంటషెడ్డు మీద పలిగిన రేకులుంటె ఫోటో తీసి ఎంఈఓకు పంపుండ్రి. యూరియా కోసం లైన్ల చెప్పులు పెట్టినోళ్లం, దీనికి ఓ దరఖాస్తు పెట్టలేమా.

ఆరోజు తార్నాకల ఏమయిందో చెప్పి బంద్ చేస్త. పని ఆపుమని నా బిడ్డ అంటె ముందు కోపం చేసింది ఎవలో తెల్సా? ఆ కూలి ఆమె. "పని ఆపితె మా కూలి ఎవలిస్తరమ్మా? పొద్దున్నుంచి చాయ్ కూడ తాగలే" అన్నది. దుమ్ము గురించి చెప్తె "మాకు ఎప్పుడు లేని దుమ్మా" అన్నది. ఆ మాటకు మా ఎవ్వల దగ్గర జవాబు లేదు. ఆఖరికి వాళ్లిద్దరికి ఆ దినం కూలి మొత్తం నేనిచ్చిన. మా బామ్మర్ది మొఖం మాడ్చుకున్నడు. మిగిలిన సగం నేలను పీకకుండ దాని మీదనే బండ వేయిస్తనని ఒప్పుకున్నడు, తట్టల్లున్న తుక్కును తడిపి సంచులల్ల కట్టిచ్చినం. ఆ సంచులు ఇంకా ఆయన ఇంటి వెనకనే ఉన్నయి.

డీసీఎం ఖాళీగ తెచ్చిన. కిరాయి దండుగ అని మా ఇంటామె ఇప్పటికి అంటది. మా కొట్టం మీది రేకులు పలగలే, అట్లనే ఉంచిన. కోతులు ఎక్కకుండ చుట్టు ముండ్లకంప కట్టిన, ఆగుతయో ఆగవో.

మొన్న బామ్మర్దికి ఫోన్ చేసి, వెనక పెట్టిన రేకులు ఏం చేసినవు అని అడిగిన. పాతసామానోడు వచ్చి తీస్కపోయిండట. ఎవలో రైతు కొట్టానికి కావాలన్నడట, ఏ ఊరో తెల్వదట. 14 రేకులు, ఒక అంచుకు పచ్చరంగు పూసి ఉంటది. మీ దిక్కు వచ్చినయేమో చూసి కామెంటుల చెప్పుండ్రి.